తొమ్మిది బతికాయి, ఒకటి చచ్చింది

“తొమ్మిదీ బతికే ఉన్నాయి మేడమ్.”

ఫోన్‌లో ఆ మాట వినగానే డిటెక్టివ్ హాస్పిటల్ మెట్ల మధ్యలో టక్కున ఆగిపోయింది. వెనకే వస్తున్న మనిషి ఆమెను గుద్దుకోబోయి, ఏదో గొణుక్కుంటూ పక్కనుంచి దిగి వెళ్లిపోయాడు.

“మళ్లీ చెప్పండి.”

“మీరు నిన్న ఇచ్చినవన్నీ పరీక్ష చేశామండీ. తొమ్మిదీ పనిచేస్తున్నాయి,” అన్నాడు హాస్పిటల్ ల్యాబ్ టెక్నీషియన్.

“ఒక్కటి కూడా చావలేదా?”

“లేదండీ.”

“పోనీ, కాస్త నీరసపడ్డవి? సగం చచ్చినవి?”

“మేడమ్, మూడోసారి అడుగుతున్నారు. అన్నీ నిక్షేపంగా ఉన్నాయి.”

పోలీసు స్టేషన్లలో ఆమెకు ‘జిడ్డు’ అని పేరు. ఒకే ప్రశ్నను మూడు రకాలుగా అడిగి, మూడు జవాబులూ ఒకటయ్యేదాకా వదలదని. ఆ పేరు చెవిన పడినప్పుడు ఆమె ఏనాడూ నొచ్చుకోలేదు. ఈసారి మాత్రం జవాబు మొదటిసారికే నచ్చింది. మిగిలిన మెట్లు రెండేసి చొప్పున దిగి, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న పరిశోధన కేంద్రంలోకి దాదాపు పరిగెత్తింది.

ఆ కేంద్రాన్ని నడిపే పెద్ద డాక్టరు రోడ్డుకి అవతలి వైపున, ఆమె ఇప్పుడే దిగివచ్చిన హాస్పిటల్ ఐసీయూలో ఉన్నాడు. సోమవారం పని చేసుకుంటూ ఉండగా గాజు ట్యూబు పగిలి ఆయన వేలు తెగింది. ఆ ట్యూబులో ఉన్నది ఏ యాంటీబయాటిక్‌కీ లొంగని బాక్టీరియా. గురువారానికల్లా అది రక్తంలోకి పాకింది. ఇక మిగిలింది ఆయన జీవితమంతా ధారపోసిన మందే. బాక్టీరియాను వెతికి పట్టుకుని చంపే వైరస్. దాన్ని బాక్టీరియోఫేజ్ అంటారు, ల్యాబ్‌లో వాళ్లు ముద్దుగా ఫేజ్ అంటారు. ఆయన బాక్టీరియాకి సరిపోయే ఫేజ్ సీసా ల్యాబ్ ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉంది. శుక్రవారం ఉదయం ఎక్కించాలి. తీరా చూస్తే ఆ ఉదయం ఫ్రిజ్ స్విచ్ కట్టేసి ఉంది, సీసాలోని ఫేజ్ చచ్చిపోయి ఉంది.

శనివారం మధ్యాహ్నానికి క్రైమ్ బ్రాంచి ఇన్‌స్పెక్టర్ పెద్ద డాక్టరు అల్లుణ్ణి లోపల వేశాడు. అల్లుడు ఎలక్ట్రీషియన్. సాయంత్రం పెద్ద డాక్టరు కూతురు డిటెక్టివ్ ఇంటికి వచ్చి గుమ్మంలోనే కూలబడింది. “అక్కా, మా ఆయన్ని విడిపించండి, మా నాన్నని చంపాలనుకున్నది ఎవరో పట్టుకోండి. నేను ఏ గుమ్మం ముందు కూర్చోను, స్టేషనా, ఐసీయూనా?” అంది.

ఆ మాట రాత్రంతా డిటెక్టివ్‌ని నిద్రపోనివ్వలేదు. ఈ రోజు గడిస్తే గొప్పే అని ఐసీయూ డాక్టరు పొద్దున్నే చెప్పాడు.

ల్యాబ్ తలుపు తెరిచేసరికి ఇన్‌స్పెక్టర్ ఫ్రిజ్‌కి లక్క సీలు వేయిస్తున్నాడు. వచ్చిన కేసును వచ్చినట్టే మూసేస్తాడని డిపార్ట్‌మెంటులో అతన్ని ‘ఎక్స్‌ప్రెస్’ అంటారు. అతనికి ఆ పేరంటే గర్వం.

“వచ్చారా! ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా,” అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

“అల్లుడు ఒప్పుకున్నాడా?”

“సాయంత్రంలోగా ఒప్పుకుంటాడు.”

“అంటే ఒప్పుకోలేదు.”

“ఫ్రిజ్ ప్లగ్గు మీద అతని వేలిముద్రలున్నాయి. ‘ఈ పురుగుల పిచ్చితో ఏదో ఒకరోజు పోతారు మీరు’ అని మామగారి మొహం మీదే అన్నాడు. చుట్టుపక్కలవాళ్లంతా విన్నారు. ఇంకేం కావాలండీ?”

“ఆ ప్లగ్గు పాడైతే పోయినవారం మార్చింది అతనే. బిగించినవాడి వేళ్లు ప్లగ్గు మీద కాక పక్కింటి గోడ మీద ఉంటాయా?”

ఇన్‌స్పెక్టర్ ఇప్పుడు తిరిగాడు. ఆమె అతనికి ఎదురుగా వచ్చి నిలబడింది.

“ఆ ఫ్రిజ్‌లో ఆ రాత్రి మొత్తం పది సీసాలున్నాయి. నిన్న రాత్రి మీరు స్టేషన్లో అల్లుణ్ణి ఒప్పించే హడావుడిలో ఉన్నప్పుడు, మిగతా తొమ్మిదింట్లోంచీ తలా రెండు చుక్కలు తీయించి హాస్పిటల్ ల్యాబ్‌కి పంపాను. తొమ్మిదీ బతికే ఉన్నాయి.”

“అయితే ఏమైంది? తొమ్మిది గట్టి పిండాలు, ఒకటి అర్భకం. ఒక తల్లి పిల్లలే అందరూ ఒకలా ఉండరు.”

“ఒకే ఫ్రిజ్, ఒకే రాత్రి, ఒకే అర. తొమ్మిదింటికి దోమ కూడా కుట్టలేదు, పదోదానికి చావొచ్చింది. ఎవరో దాన్ని విడిగా చంపారు. ఆ తర్వాత ఫ్రిజ్ కట్టేసి నేరం దాని మీదకి తోశారు.”

“మీకేం, ప్రశ్న మీద ప్రశ్న వేసుకుంటూ రోజులు గడిపేస్తారు. నాకలా కుదరదు. అక్కడ మనిషి పోతున్నాడు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతులో వెటకారం పోయింది. “ముసలాయన ఇల్లు సోదా చెయ్యడానికి వెళ్తున్నా. అల్లుడు కూడా అక్కడే ఉంటాడు కదా, ఏదో ఒకటి దొరక్కపోదు.”

“ఆ చచ్చిన సీసా ఒక్కసారి చూపించి వెళ్లండి.”

“ఒక్క నిమిషం. అంతే.”

అతను ప్లాస్టిక్ కవరులో ఉన్న సీసాను ఆమె చేతిలో పెట్టి బూటుతో నేల తట్టడం మొదలుపెట్టాడు. బొటనవేలంత గాజు సీసా, రబ్బరు బిరడా, చుట్టూ కాగితం లేబుల్. డిటెక్టివ్ కవరుని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. లేబుల్ మీద నీలం సిరా అక్షరాలు పక్కలకి పాకి ఉన్నాయి. కాగితం ఉబ్బి, ఆరి, ముడతలు పడి ఉంది. కింది మూల చిరిగిపోయింది. ఫ్రిజ్‌లో ఉన్న మిగతా తొమ్మిది లేబుళ్లనీ ఆమె నిన్ననే దగ్గరగా చూసింది. అవి ఇస్త్రీ చేసినట్టున్నాయి.

“నిమిషమైంది,” అంటూ ఇన్‌స్పెక్టర్ కవరు లాక్కున్నాడు. రెండంగల్లో తలుపు దాటాడు. జీపు స్టార్టయిన చప్పుడు కిటికీలోంచి వినిపించింది.

డిటెక్టివ్ గదంతా ఒకసారి తిరిగింది. మళ్లీ తిరిగింది. సింకు పొడిగా ఉంది. బల్లల మీద ప్లేట్లు దొంతరలుగా పేర్చి ఉన్నాయి. పక్క గదిలో ఏదో మెషీను ఒకే శ్రుతిలో రొద పెడుతోంది. మూలన స్టీలు పెట్టె ఒకటి కనిపించింది. మూత ఎత్తితే గోరువెచ్చటి నీళ్లు. ట్యూబులను వెచ్చగా ఉంచడానికి వాడే వాటర్ బాత్ అది. మీట ముప్ఫై ఏడు డిగ్రీల దగ్గరే ఉంది. కానీ మీట తిప్పితే అది నీళ్లు మరిగేదాకా పోతుంది. ఆమె చొక్కా చెయ్యి మడిచి, నీళ్లలో మోచేతి దాకా పెట్టి, అడుగున ఉన్న జల్లెడ రేకు ఎత్తి చూసింది. రేకు కింద మెత్తటిదేదో వేలికి అంటుకుంది.

గోరంత కాగితం ముక్క. ఒక వైపు జిగురు, ఇంకో వైపు నీలం సిరా మరక.

దాన్ని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని, పక్క గదిలోకి వెళ్లింది.

అక్కడ చిన్న డాక్టరు ఉన్నాడు. పెద్ద డాక్టరు దగ్గర పదిహేనేళ్లుగా పనిచేస్తున్న శిష్యుడు. నలభై దాటిన మనిషి, కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. పక్కన టీ మీద మీగడ కట్టింది. రొద పెడుతున్న మెషీను ముందు కుర్చీ వేసుకుని, క్షణానికోసారి దాని మీద మెరిసే అంకెల వంక చూస్తున్నాడు.

“కూర్చోండి మేడమ్.”

“నాకు కూర్చుంటే బుర్ర పనిచెయ్యదు. మీరు కూర్చోండి. ఈ ఫేజ్ అనేది ఏంటో పుస్తకం భాషలో కాకుండా నాకు అర్థమయ్యేట్టు చెప్పండి.”

పని గురించి అడిగేసరికి అతని భుజాలు కాస్త దిగాయి. “మనిషి జోలికి రాని వైరస్ అండీ. బాక్టీరియా ఒంటికి అతుక్కుని, లోపలికి తన సరుకు ఎక్కిస్తుంది. దాని ఇంట్లోనే పిల్లల్ని పెడుతుంది. చివరికి ఆ ఇల్లు బద్దలుకొట్టుకుని వందల్లో బయటికొస్తుంది.”

“చుట్టపుచూపుగా వచ్చి కొంప కూల్చినట్టు.”

“అలాగే అనుకోండి. ఇలా చూడండి.” అతను ఒక ప్లేటు ఎత్తి చూపించాడు. అద్దం మీద ఊదిన ఆవిరిలా దాని నిండా బాక్టీరియా పొర పట్టి ఉంది. మధ్యలో ఎవరో వేలితో తుడిచినట్టు తేటగా ఒక గుండ్రటి మచ్చ. “ఫేజ్ చుక్క వేసిన చోటు అది. బతికున్న ఫేజ్ అయితే ఇలా తినేస్తుంది.”

“ఏ ఫేజ్ అయినా ఏ బాక్టీరియానైనా తింటుందా?”

“అబ్బే, వాటికి మహా చాదస్తం. ఒక్కో ఫేజ్‌కి ఒక్కో రకం బాక్టీరియానే కావాలి. రవ్వంత తేడా ఉన్నా ముట్టదు. అందుకే రోగి ఒంట్లోంచి బాక్టీరియా తీసి, దానికి సరిపడే ఫేజ్ కోసం మురుక్కాలవలన్నీ గాలిస్తాం.”

“గాలిస్తే ఎన్నాళ్లకి దొరుకుతుంది?”

“వారాలు. ఒక్కోసారి నెలలు. ఇలాంటి మొండి బాక్టీరియాకైతే అసలు దొరక్కపోవచ్చు.”

“దొరికాక దాన్ని మందుగా చెయ్యడానికి?”

“ఇంకో రెండు…” అని చిన్న డాక్టరు నాలిక్కరుచుకున్నాడు. చేతిలో ప్లేటు బల్ల మీద పెట్టేశాడు.

డిటెక్టివ్ అటూ ఇటూ నడవడం ఆపింది.

“వేలు తెగింది సోమవారం. శుక్రవారానికి మందు సీసా ఫ్రిజ్‌లో ఉంది. పిల్ల పుట్టకముందే కుల్ల కుట్టినట్టుంది వ్యవహారం. ఆయనకి ఏ బాక్టీరియా పట్టబోతోందో ముందే తెలిసినవాడు ఒకడున్నాడు. ఎవరు?”

చిన్న డాక్టరు మెషీను అంకెల వైపు తిరిగాడు.

“ఆయన వేలు ఎలా తెగిందో మీరు చూశారా?”

“నేను అప్పుడు… బయట ఉన్నాను.”

“ఆయన వేలు తెగినప్పుడు గదిలో ఎవరున్నారు?”

“ఎవరూ లేరు మేడమ్. ఆయనొక్కరే.”

ఆమె రుమాలు విప్పి, తడి కాగితం ముక్కను అతని ముందు పెట్టింది. “ఇది మీ వాటర్ బాత్ అడుగున దొరికింది. చచ్చిన సీసా లేబుల్‌కి ఒక మూల లేదు. ఆ సీసాని మరిగే నీళ్లలో ముంచి, మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి, స్విచ్ కట్టేసిందెవరు? అల్లుడికి వాటర్ బాత్ ఎక్కడుందో కూడా తెలీదు. మీరే చంపారు.”

చిన్న డాక్టరు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. వేళ్ల మధ్యలోంచి మాట వచ్చింది.

“ఆయన్ని చంపాలని కాదు మేడమ్. చావకూడదని.”

“సరిగ్గా చెప్పండి.”

“ఆ ట్యూబు పగల్లేదు. ఆయనే పగలగొట్టుకున్నారు. కావాలనే వేలు కోసుకున్నారు.”

డిటెక్టివ్ ఇన్నేళ్లలో చాలా ఒప్పుకోళ్లు విన్నది. ఇలాంటిది వినలేదు. వెనక ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఎందుకు?”

“మనుషులకి వాడనివ్వండని ప్రభుత్వాన్ని మూడుసార్లు అనుమతి అడిగారు. ‘మనుషుల మీద పనిచేసిందని రుజువు చూపించండి, అప్పుడు మనుషుల మీద వాడనిస్తాం’ అన్నారు. నీళ్లు ముట్టకుండా ఈత నేర్చుకోమన్నట్టు! ఈలోగా ఎదురుగా ఉన్న హాస్పిటల్లో జనం చచ్చిపోతూనే ఉన్నారు. పోయిన నెల ఒక బాలింత పోయింది. ఆమె ఒంట్లోని బాక్టీరియాకి ఫేజ్ మా దగ్గర ఉంది. ఇవ్వనివ్వలేదు. ఆ రోజు నుంచి ఆయన మాట్లాడటం తగ్గించేశారు. అదే బాక్టీరియా, అదే ఫేజ్. చావుబతుకుల్లో ఉన్న డాక్టరు సొంత మందు తనకే వాడమంటే ఎవరూ కాదనరని, రుజువు తనే అవుదామనుకున్నారు.”

“మీకు ఎప్పుడు తెలిసింది?”

“గురువారం. ఐసీయూలో మాస్కు పక్కకి తోసి, నా చెవిలో చెప్పారు. ‘సీసా కింది అరలో ఉంది, రేపు ఎక్కించు, కావాలని కోసుకున్నానని ఎవరికీ చెప్పకు’ అని ఒట్టు వేయించుకున్నారు. నేను సంతోషంగానే వచ్చాను మేడమ్. ఎక్కించేముందు అలవాటు కొద్దీ ఒక పరీక్ష చేశాను.”

అతను లేచి అరలోంచి చిన్న గాజు గొట్టం తీశాడు. అడుగున నీళ్లలాంటిదేదో ఉంది. గొట్టాన్ని తలకిందులు చేశాడు. అది జారలేదు. అంటుకున్నట్టు పైనే ఉండిపోయింది.

“మందు శుభ్రంగా ఉంటే ఇది నీళ్లలా కారిపోవాలి. గడ్డకట్టిందంటే విషం ఉన్నట్టు. బాక్టీరియా బద్దలైనప్పుడు ఫేజ్‌తో పాటు దాని పెంకు ముక్కలూ మందులోకి వస్తాయి. ఆ పెంకులే విషం. వాటిని కడిగి కడిగి తీసెయ్యాలి. ఆయన దొంగచాటుగా, ఒంటరిగా చేసుకున్నారు. ఈ పరీక్ష సరుకు నా బీరువాలో ఉంటుంది, అడిగితే ఎందుకంటానని అడగలేదు. ఆ సీసా గనక రక్తంలోకి వెళ్తే చలి, వణుకు, బీపీ పాతాళానికి. ఆరోగ్యంగా ఉన్నవాడే తట్టుకోలేడు. ఆయన స్థితిలో గంట కూడా నిలవరు.”

“నీళ్లలో మరిగిస్తే ఆ విషం పోదా?”

“ఫేజ్ చస్తుంది. విషం చెక్కుచెదరదు. ఆ చచ్చిన సీసానే హాస్పిటల్లో పరీక్షకి ఇవ్వండి, నేను చెప్పింది అబద్ధమైతే అక్కడే తేలిపోతుంది.”

“ఇదంతా ఐసీయూ డాక్టరుకి చెప్పి, మందు ఆపించొచ్చుగా?”

“చెబితే ఏమయ్యేది? పోలీసు కేసు, ల్యాబ్‌కి తాళం. తాళం పడితే మంచి మందు ఎక్కడ చెయ్యను? నాకు రెండు రోజులు కావాలి, తలుపు తెరిచి ఉండాలి. అందుకే కొన్ని చుక్కలు దాచుకుని మిగతాది చంపేశాను. ఫ్రిజ్ పాడైందనుకుని వదిలేస్తారనుకున్నాను. ఆ చుక్కల్లోంచే మళ్లీ పెంచాను. ఇదిగో, ఇప్పుడు తిరుగుతున్నది ఆఖరి కడుగు. సాయంత్రానికి చేతికొస్తుంది.”

డిటెక్టివ్ ఆ మెరిసే అంకెల వంక చూసింది. ఆమెకు కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు.

“అల్లుడు లాకప్‌లో ఉన్నాడు. తెలుసుగా?”

“అతన్ని జీపెక్కిస్తుంటే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. మందు అయ్యాక నేనే వెళ్లి చెబుదామని…”

“అతని పెళ్లాం మా గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. ‘అయ్యాక’ అట! ఈ మెషీను ఆగేదాకా మీరు ఇక్కణ్ణుంచి కదలకండి. ఆగగానే మీరూ నేనూ ఐసీయూకి, అక్కణ్ణుంచి స్టేషన్‌కి.” ఆమె లేచి తలుపు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చింది. “పెద్ద డాక్టరు చేసింది ఆ ఒక్క సీసాయేనా?”

“ఒక్కటే మేడమ్.”

“ఒక్కటే అని మీకెలా తెలుసు?”

“ఫ్రిజ్‌లో ఒక్కటే ఉంది కదండీ.”

“ల్యాబ్ ఫ్రిజ్‌లో. ఇంట్లో?”

చిన్న డాక్టరు తల పట్టుకున్నాడు. “ఆయన ఏది చేసినా రెండు జతలు చేస్తారు. ఒకటి పగిలితే ఇంకోటి ఉండాలని… అయ్యో!”

డిటెక్టివ్ అప్పటికే ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసింది. మొదటి రింగుకే ఎత్తాడు. గొంతు నిండా ఉత్సాహం.

“మీకు నూరేళ్లు! ముసలాయన ఇంట్లో, ఫ్రిజ్ డోరులో సీసా దొరికిందండీ. అదే లేబుల్, అదే చేతిరాత. దొరికిన క్షణంలో జీపులో ఐసీయూకి పంపేశా. మీరు ప్రశ్నలు వేస్తూ కూర్చోండి, నేను ప్రాణం కాపాడాను.”

“అది ఎక్కించకూడదు! దాంట్లో విషం ఉంది. వెంటనే ఆపించండి!”

“బాగుందండీ. మీకు దొరికితే అమృతం, నాకు దొరికితే విషమా?” అతను నవ్వి ఫోన్ పెట్టేశాడు.

ఐసీయూ నంబరు మూడుసార్లు కొట్టింది. మూడుసార్లూ ఎంగేజ్. డిటెక్టివ్ మెట్ల వైపు పరిగెడుతూనే పెద్ద డాక్టరు కూతురికి చేసింది. వెనక చిన్న డాక్టరు కాళ్లకి చెప్పులు కూడా లేకుండా వస్తున్నాడు.

“అక్కా! నేనే చేద్దామనుకుంటున్నా మీకు!” కూతురి గొంతు ఏడుపుకీ నవ్వుకీ మధ్య వణుకుతోంది. “మందు దొరికింది అక్కా! నాన్న ఇంట్లోనే దాచుకున్నారట.”

“ఎక్కించారా?”

“ఆఁ, నేనే సంతకం పెట్టాను. డ్రిప్పులో కలిపారు. అక్కా, పనిచేస్తున్నట్టే ఉంది. నిన్నట్నుంచి కట్టెలా పడున్న మనిషి కదులుతున్నారు. అద్దంలోంచి చూస్తున్నా, కాళ్లూ చేతులూ కదుపుతున్నారు. నర్సుతో మాట్లాడారు కూడా. దుప్పటి కప్పమంటున్నారట. చలేస్తోందట.”

“అమ్మా, లోపలికి వెళ్లి ఆ గొట్టం పీకెయ్! ఎవర్నీ అడక్కు, సూది పీకెయ్ ముందు!”

అటునుంచి ఫోను నేలకి తగిలిన చప్పుడు, తలుపు ధడాలున తెరుచుకున్న చప్పుడు. ఆ పైన ఒక నర్సు గొంతు చించుకుని అరవడం వినిపించింది.

“డాక్టర్! బీపీ పడిపోతోంది!”